అర పర్సెంటు

సవరవిల్లి జీడితోట, ఎకరంన్నర.
దానికి అయిదుగురం బ్రోకర్లం.
నేను రెండు పర్సెంటన్నాను.
తవిటినాయుడు ఒకటి చాలన్నాడు.
రాజాం నుంచొచ్చిన కుర్రాడు
"అరకే సేసెత్తాను మామ్మా" అని నవ్వాడు.

అసిరమ్మ మాటాడలేదు.
కాల్చిన జీడిపిక్కలు చేటలో పోసి
మా ముందుకి తోసింది.
"ఒలుసుకు తినండి.
తూరుపు గట్టు ఏదో సూపండి,
ఆనక బేరం."

ఫోనుల్లో మ్యాపులు తిప్పుకుంటున్నాం.
ఆవిడే లేచి, తుప్పల్లోంచి నడిచి
సర్వే రాయి మీద కాలు పెట్టి నిలబడింది.

విజయనగరంలో రిజిస్ట్రేషనయింది.
అయిదుగురిలో ఎవడూ వదల్లేదు.
అర పర్సెంటులో అయిదో వంతు,
పెట్రోలు పోగా పధ్నాలుగు వేల చిల్లర.

ఆఫీసు మెట్ల మీద నోట్లు లెక్కెడుతుంటే
వేళ్ళనిండా జీడి మచ్చలు.
తవిటినాయుడు చూశాడు.
తన చేతులు జేబులో పెట్టుకున్నాడు.