డెబ్బయ్యో ఆకు

మొదటిరోజు ఓదేలు
సిరొంచ బస్సు దుమ్ము కనుబొమల మీద ఉండగానే
మోదుగు కింద సంచి దించి
తునికాకు కల్లంలో అందరికీ దండం పెట్టాడు.
ముసలి మాసేతో
"మీరు కూర్చోండమ్మా, లెక్క నేను చూస్తా" అన్నాడు.
ఆమెకొచ్చిన తెలుగు సగమే,
ఆ సగంలో 'మీరు' లేదు.
వెనక ఇంకెవరున్నారా అని తిరిగి చూసింది.

నేను వంటవాణ్ణి.
అన్నం ఎప్పుడు మాడటం మొదలెట్టిందో ఎవరూ చూడరు,
వాసనొచ్చాకే మూత తీస్తారు.

కట్టకి డెబ్బై ఆకులు.
వారం దాకా వేలు తడుపుకుని ఓపిగ్గా లెక్కపెట్టాడు.
తర్వాత చూపుతో.
తర్వాత చెప్పుకాలితో.
ఠేకేదారు ఫోను చేసిన ప్రతి రాత్రీ
మున్షి నోట్లోంచి ఒక్కో మాట రాలిపోయేది.
ముందు 'అండి' పోయింది,
వాగు ఎండిన రోజు 'అమ్మా' పోయింది,
పదమూడో నాటికి కల్లమంతా ఒరే, ఒసే.
కట్టకో కట్ట కొసరు, దానికి పేరు లేదు.

గడ్డం పెంచుకు తిరిగాడనుకునేరు.
రోజూ గీసుకునేవాడు.
అద్దం మోదుక్కి వేలాడుతూనే ఉండేది,
చొక్కా తెల్లగానే ఉండేది.
నాకు భయమేసింది అందుకే.

మొదట్లో "నువ్వు తిన్నావా?" అని అడిగి కంచం ముట్టేవాడు.
ఇప్పుడు కంచం చుట్టూ మోచెయ్యి అడ్డం పెట్టి
తల ఎత్తకుండా తింటున్నాడు.
కుక్కని తరమడం మానేశాడు,
కుక్కే దూరంగా పడుకుంటోంది.

గాలివానకి
ఎండిన ఆకంతా నల్లబడింది.
"నీ జీతంలో కోస్తా" అంది ఫోను.
మర్నాటి సాయంత్రం మాసే ఇరవై కట్టలు తెచ్చింది.
ఒకటి విప్పాడు.
అరవై తొమ్మిది.

మళ్ళీ లెక్కపెట్టాడు, ఈసారి ఆమె వేళ్ళు పట్టుకుని.
ఒకటి
వెనక్కి వంచాడు.
రెండు.
మూడో వేలికి అంకె పలకలేదు,
గొంతులో ఏదో గుర్రుమంది.
నారతో కట్టలు కట్టిన వేళ్ళు
నారలా తెగలేదు, పుల్లల్లా చప్పుడు చేశాయి.
ఆమె ఏడుపు గోండీలో ఉంది.
అర్థం కాలేదని
ఎవరితో అనను?

ఊరివాళ్ళు పదిమంది మీదపడి లాగారు.
కొట్టలేదు.
చేతులు కట్టి, నీడలో కూర్చోబెట్టి,
దొన్నెతో నీళ్ళు తాపారు.

"అడవి మనిషైపోయాడు" అన్నాడు ఠేకేదారు.
అడవి మనుషులే కదా
ఆ దొన్నె పట్టుకున్నది.

విడిచిపెట్టాక సిరొంచ బస్సులో చూశాను వాణ్ణి.
చొక్కా తెల్లగా ఉంది.
ఎవరో ముసలామె ఎక్కితే లేచి,
"మీరు కూర్చోండమ్మా" అన్నాడు.
నేను కిటికీ వైపు తిరిగాను.

ఆ సాయంత్రం పప్పులో ఉప్పు చూడ్డానికి
చేతికందిన కట్టలోంచి
ఒకాకు లాగింది నేనే.
మొదటి వేలప్పుడే చెప్పొచ్చు.
పొయ్యి మీద పప్పు పొంగుతోందని
గరిటె తిప్పుతూ నిలబడ్డాను.