వెండి రజను

టిఫ్టన్ ఊరి చివర, డెబ్బై ఐదో నంబరు హైవే దిగగానే
పెట్రోలు బంకులో నా కౌంటరు.
గాజు కింద ముప్పై రెండు రకాల లాటరీ టికెట్లు
పెళ్ళి తోరణాల కాగితంలా చుట్టలు చుట్టుకుని ఉంటాయి.
శుక్రవారం జీతాల రోజు.
వేరుశనగ మిల్లులో రెండో షిఫ్టు దిగాక
లూథర్ వస్తాడు.

"పదమూడో నంబరువి రెండు, మేడమ్."
జేబులోంచి పావు డాలరు బిళ్ళ తీస్తాడు.
ప్రార్థన చేస్తున్నట్టేం కాదు,
పుండు మీద పక్కు గీకినట్టు గీకుతాడు.
ఏమీ రాదు.
"వచ్చే వారం" అంటాడు, టోపీ సర్దుకుని.

మా నాన్నా ఇంతే,
గుడివాడ బస్టాండులో భూటాన్ బంపర్ కొనేవాడు.
పేపర్లో నంబర్లు చూసి
కళ్ళజోడు మడిచి పెట్టేసేవాడు.
అమ్మ ఆ టికెట్ల వెనక తెల్లటి జాగాలో
పాల లెక్క రాసుకునేది.
ఆ డబ్బు ఎవరింటికి పోయిందో
మాకెవరూ చెప్పలేదు.

ఇక్కడ చెబుతారు.
తలుపు పక్కన అతికించిన కాగితంలో ఉంది:
టికెట్లు అమ్మగా వచ్చిన దాంట్లో కొంత
ఈ రాష్ట్రం పిల్లల కాలేజీ ఫీజులకి.
ఆ స్కాలర్‌షిప్‌కి ఇంగ్లీషులో ఆశ అని పేరు.
పేరు పెట్టినవాడు
శుక్రవారం రాత్రి నా కౌంటరు ఇవతల
ఎప్పుడూ నిలబడి ఉండడు.

ఏప్రిల్లో మా విరజకి ఉత్తరం వచ్చింది.

నా చదువప్పుడు
స్కాలర్‌షిప్ అంటే ఎమ్మార్వో ఆఫీసు అరుగు,
ఆదాయం సర్టిఫికెట్టు, గెజిటెడ్ సంతకం,
"రేపు రామ్మా" అనే గుమస్తా.
వాళ్ళకి నా పేదరికం కావాలి, మూడు కాపీలు.
వీళ్ళు ఆదాయం ఊసే ఎత్తలేదు,
మార్కులడిగారు.
ఎంత మర్యాద, అనుకున్నాను
లూథర్‌తో చెప్పేదాకా.

"మంచిది. ఏం చదువుతుంది?"
"నర్సింగు. వాల్డోస్టాలో."
బిళ్ళ పట్టుకున్న చెయ్యి ఆగింది.
"మా మనవడు డారియస్‌కీ వచ్చిందా డబ్బు.
ఒక్క ఏడాది.
రాత్రిళ్ళు గోడౌన్లో పెట్టెలు మోసేవాడు.
మూడు ఉండాలిగా, రెండు పాయింట్ తొమ్మిది."
ఆ పదో వంతు ఎంతో వేళ్ళతో చూపించాడు:
బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ
అగ్గిపుల్ల పట్టేంత.
"ఇప్పుడు టైర్ల షాపులో ఉన్నాడు. బానే ఉన్నాడు."

నాకు మాట రాలేదు.
రసీదు యంత్రంలో కొత్త కాగితం చుట్ట ఎక్కించాను,
పాతది అయిపోకపోయినా.

వారానికి నాలుగు డాలర్లు. ఇరవై ఆరేళ్ళు.
ఆయన గీకిన వాటిలో
ఏ వానరోజు టికెట్టు మా విరజ మైక్రోస్కోపు కాబోతోందో,
ఏది డారియస్‌కి దక్కకుండా పోయిన రెండో ఏడాదో
లెక్కగట్టే యంత్రం నా దగ్గర లేదు.
నా యంత్రం గీతలు చదువుతుంది,
ఎవరైనా గెలిస్తే కూత పెడుతుంది.

"ఇవాళ మూడివ్వు" అన్నాడు.
"ఒకటి మీ అమ్మాయి పేరున."
వద్దనబోయాను.
అమ్మడం నా ఉద్యోగం. చింపి ఇచ్చాను.
మూడోది గీకలేదు ఆయన,
టోపీ అంచులో దోపుకుని వెళ్ళిపోయాడు.

పదకొండుకి కౌంటరు తుడుస్తాను.
తడిగుడ్డకి వెండి రజను అంటుకుంటుంది,
ఎంత పిండినా వదలదు.
ఇంటికొచ్చి వంటింట్లో లైటు వేస్తే
గోటి కింద ఇంకా మెరుస్తోంది.
ఫ్రిజ్ తలుపు మీద, మామిడిపండు అయస్కాంతం కింద
విరజ ఉత్తరం.
చేతులు వెనక్కి కట్టుకుని
మళ్ళీ మొదట్నించీ చదివాను.