వివరణ కోరిన పద్దు

అంబత్తూరులో మాది బోల్టుల ఫ్యాక్టరీ.
ఇరవై రెండేళ్లు వూటుకూరి కన్నయ్య శెట్టిగారే ఆడిటరు.
మింట్ స్ట్రీట్ నుంచి రెండు బస్సులు మారి వచ్చేవారు,
గోడౌన్‌లో గొడుగు కొసతో గుట్టల్ని కెలికేవారు,
తుప్పు వాసన పట్టి చెప్పేవారు:
"ఇది పోయినేడాది సరుకేనయ్యా, మళ్లీ లెక్కేశావు."
ఫీజు అరవై వేలు. అదీ రెండు విడతల్లో.

ఈ ఏడు బ్యాంకు పెద్ద అప్పిస్తానంది,
పెద్ద సంతకం తెమ్మంది.

ఐదుగురు పిల్లలొచ్చారు.
కాఫీ వద్దన్నారు, ప్లగ్గులు అడిగారు.
మార్చి ముప్పై ఒకటి రాత్రి
యాళిని అనే అమ్మాయి
నట్ల డబ్బాల మధ్య గొంతుక్కూచుని
తెల్లారేదాకా లెక్కపెట్టింది.
తన స్టైపెండు ఎంతో చెబితే
మా వాచ్‌మన్ నవ్వాడు.
ఫీజు పద్దెనిమిది లక్షలు.

నిన్న తనే ఒక మెయిలు పంపింది:
"ఆడిట్ ఫీజు పద్దు ముప్పై రెట్లు పెరిగింది.
కారణం తెలపగలరు."

ఏం రాయను తల్లీ?
నుంగంబాక్కంలో మీ అద్దాల మేడ అద్దె అనా?
రేపు మేం మునిగితే
మిమ్మల్నీ కోర్టుకీడుస్తారన్న భయానికి బీమా అనా?
శెట్టిగారి సంతకం వాల్‌టాక్స్ రోడ్డు దాటితే ఎవరికీ తెలియదు.
మీది చూసి ముంబైలో ఎవరో
లోపలి పేజీలు తిప్పకుండానే నమ్ముతాడు.
ఆ తిప్పని పేజీల ఖరీదనా?

శెట్టిగారికి ఫోన్ చేశాను.
అటు దగ్గు, తర్వాత నవ్వు.
"పని పెరిగిందని రాసెయ్యవయ్యా,
ఆ మాటకెవరూ వోచరు అడగరు."

రాశాను.
సాయంత్రానికి జవాబొచ్చింది:
వోచరు జతపరచగలరు.

వాళ్ల బిల్లే
వాళ్లకి తిరిగి పంపాను.