విడిపించని తాయెత్తు

తలుపు పక్కన మూడు వస్తువులు ఎదురుచూస్తున్నాయి:
ఆసుపత్రి సంచీ, తిరుపాలు గొడుగు,
ఓ తెల్లటి అట్టపెట్టె.
ఫ్రిజ్జులో పెట్టొద్దు, రేడియేటర్ దగ్గర పెట్టొద్దు అని
మూత మీద ఎర్రగా రాసి ఉంది.
పిల్లకన్నా ముందే ఇంటికొచ్చి
జాగ్రత్తలు చేయించుకుంటోంది.

స్విండన్‌లో వాన నిలువుగా పడదు,
కిటికీని అడ్డంగా తుడుస్తూ పోతుంది.
బల్ల మీద పదకొండు పేజీల ఫారం.
గోదాములో ఇంకెన్ని రాత్రి డ్యూటీలు చేస్తే
గుప్పెడు నెత్తురు పాతికేళ్లు గడ్డకట్టి ఉంటుందో
తిరుపాలు ఫోనులో లెక్కలేస్తున్నాడు.
"వాడే అవసరం రాకపోతే?" అన్నాను.
"రాకూడదనేగా," అన్నాడు.
అతని దగ్గర అన్నిటికీ బీమా ఉంది,
పగిలిన ఆ ఫోను అద్దానికి తప్ప.

ఆరో పేజీలో ఆగిపోయాం.
మీ అమ్మమ్మకు రక్త సంబంధమైన జబ్బులేమైనా?
రక్త సంబంధం అన్న మాట దగ్గర
నాకు నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.

జమ్మలమడుగులో అప్పటికి అర్ధరాత్రి దాటింది.
నాగమునెమ్మ పెద్దమ్మ మొదటి రింగుకే ఎత్తింది.
"మీ అవ్వా? పాలిపోయి పాలిపోయి
సున్నం కొట్టిన గోడ మాదిరి అయిపాయ.
జబ్బుకు పేరు పెట్టే డాక్టరు
మన ఊరికి యెప్పుడొచ్చినాడు మే?"

పాలిపోవడానికి ఫారంలో గడి లేదు.
అవును, కాదు, తెలియదు.

బొడ్డుతాడులో మిగిలిన నెత్తురు
బ్యాంకులో దాస్తారంట పెద్దమ్మా, అన్నాను.
అవతల కాసేపు ఫ్యాను చప్పుడు.
"దాన్లో కొత్తేముంది? నీదీ దాసినాం గదా,
ఎండిన బొడ్డు, యెండి తాయెత్తులో,
నీ మొలతాడుకు కట్టి.
రెండేండ్లు వాన్లు ల్యాకపోతే
సేటు కొట్లో పెట్నాడు మీ నాయన.
విడిపిచ్చల్యా."

తాకట్టు కొట్లో నా బొడ్డు.
ముప్పై ఒక్క ఏళ్ల వడ్డీ.
తిరుపాలు లెక్కెయ్యబోయి
నా మొహం చూసి మానేశాడు.

మంగళవారం తెల్లవారుజామున నాలుగూ పదికి
అమ్మాయి పుట్టింది, ఏడవకుండా, దగ్గి.
పెట్టె కోసం పిలిపించిన ఆవిడ
బ్రిస్టల్ నుంచి తడిసి వచ్చి
చేతులు కడుక్కుని గోడవారగా నిలబడింది.
మంత్రసాని మౌరీన్ నా వేళ్లు తీసుకెళ్లి
ఆ తాడు మీద పెట్టింది.
తడిసిన పగ్గంలా మెలికలు తిరిగి, నీలంగా,
లోపల ఎవరో ఇంకా నీళ్లు తోడుతున్నట్టు
కొట్టుకుంటోంది.
"ఇప్పుడే కోస్తే సంచీ నిండుతుంది.
ఆగితే పిల్లకు పోతుంది.
నువ్వే చెప్పాలి తల్లీ, తొందరగా."

పదకొండు పేజీల్లో ఈ ప్రశ్న లేదు.
పిల్ల పాదాలు సున్నం రంగులో ఉన్నాయి.
ఆగండి, అన్నాను, తెలుగులో.
మౌరీన్‌కు అర్థమైంది.

ఎవరూ మాట్లాడలేదు.
ఒక్కో వేలూ ఎర్రబడింది, చిటికెన వేలు ఆఖరున.
నా వేళ్ల కింద తోడడం ఆగాక
తిరుపాలు కత్తెర పట్టాడు.
రెండుసార్లు కోయాల్సొచ్చింది, అంత గట్టిది.

బ్రిస్టల్ ఆవిడ మిగిలినదాన్ని సంచీలోకి దింపి
తూచింది. ఏమీ అనలేదు.
గురువారం ఫోనొచ్చింది: చాలదట.
పారేయమంటారా, పరిశోధనకు ఇమ్మంటారా?
పాలిపోయే వాళ్లకు పనికొచ్చేలా అయితే ఇవ్వండి, అన్నాను.
అవతలి గొంతు దాన్ని
పరిశోధన అని రాసుకుంది.

తొమ్మిదో రోజు బొడ్డూడి
బనీను మడతలో దొరికింది,
ఎండుమిరప తొడిమంత.
ఏం చేయాలో తెలీక తిరుపాలు
అరచేతిలో పట్టుకుని ఇల్లంతా తిరిగాడు.
స్విండన్‌లో తాయెత్తులు చేసే కంసాలి ఎవరు?
ప్రస్తుతానికి అట్టపెట్టెలో ఉంది,
రేడియేటర్‌కు దూరంగా.