ఇంటిభాష: జూలూ

టెంబీసాలో, కోళ్ళ కొట్టు పక్క ఇంటర్నెట్ షాపు.
గంటకి పదిహేను రాండ్లు.
ఫారం అడిగింది: ఇంటిభాష?
సర్టిఫికెట్లో ఉన్నదే కొట్టాను, జూలూ అని.
మా ఇంట్లో జూలూ ఎవరూ మాట్లాడరు.
బడిలో ఇంటిభాష పేరుతో చెప్పేది అదొక్కటే,
అందుకని పన్నెండేళ్ళుగా
వీధి భాషని ఇంటిదని రాస్తూ వచ్చాను.
డెబ్బై ఎనిమిది మార్కులు. ఆరు పాయింట్లు.

రెండో గడి, అదనపు భాష: ఇంగ్లీషు.
అరవై ఆరు. ఐదు పాయింట్లు.
మూడో గడి లేదు.
కిందికి జరిపి చూశాను, మళ్ళీ పైకి.
లేదు.

నాన్నది వెండా, అమ్మది త్సోంగా.
ఎవరి భాషలో వాళ్ళు పోట్లాడుకుని
నా భాషలో రాజీ పడతారు.
నాది ఏదంటే, ఆ పూటని బట్టి.

పెరటి రేకుల గదిలో అద్దెకుండే మొయాహాబో ఆంటీ
ఉప్పుకీ కిరసనాయిలుకీ పంపి పంపి
సెపెడి నేర్పింది.
జడలల్లే చియెద్జా
నా తల మోకాళ్ళ మధ్య బిగించి
ఐదేసి గంటలు వాళ్ళక్కతో ఫోన్లో ఏడ్చేది షోనాలో.
జడతోపాటు అదీ అల్లుకుంది.
తాత పొలంపని నుంచి తెచ్చిన ఆఫ్రికాన్స్‌లో
ఉన్నవి మూడే: తిట్లు, వాన కబురు, కుక్కని పిలవడం.
అంతకు మించి ఆయనతో వాళ్ళు మాట్లాడలేదు.

ఏడు భాషలు వచ్చు నాకు.
వచ్చు అంటే నిజంగా వచ్చాయి,
నేను వెళ్ళి తెచ్చుకున్నవి కావు.
తలుపు తీసి ఉంటే వచ్చి కూర్చున్నాయి.

"ఇతర విజయాల్లో రాసెయ్" అన్నాడు షాపు గిర్మా,
"నూట యాభై అక్షరాలిస్తారు."

ఏం రాయను?
శనివారాలు నాన్న టాక్సీలో ముందు సీటు నాది, చిల్లర లెక్క నాది.
వెనక వరసలో బయల్దేరిన నోటు
భుజాల మీదుగా చేతులు మారుతూ వస్తుంది.
దాంతోపాటు మాటా మారుతుంది.
"ముగ్గురికి" అని త్సోంగాలో మొదలై
జూలూ దాటి
నా దాకా సెపెడిలో చేరుతుంది.
ముగ్గురు ముగ్గురే. చిల్లర ఎప్పుడూ తప్పలేదు.

ఒక శనివారం ఒక ముసలావిడ
దిగాల్సిన చోట దిగలేదు.
రెండు రోబోలు దాటిపోయాయి
(సిగ్నల్ లైటుని మేమిక్కడ రోబో అంటాం).
నోరు విప్పితే ఏ దేశమో తెలిసిపోతుంది,
తెలిస్తే బండిలో ఎవరేమంటారో.
మూట కొసని వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది.
వెనక్కి తిరిగి షోనాలో చాలా చిన్నగా అడిగాను.
అంతకన్నా చిన్నగా చెప్పింది.
"రోబో దాటాక" అని నేనే అరిచాను, జూలూలో,
నేనే దిగుతున్నట్టు.

నూట యాభై అక్షరాల్లో ఇది పట్టదు.
పట్టినా, విజయమా ఇది?
"బృందగానం, రెండో బహుమతి" అని రాసి
పంపు నొక్కాను.

స్పీచ్ థెరపీకి పెట్టాను.
మాట పడిపోయినవాళ్ళకి మళ్ళీ మాట తెప్పించే చదువు.
ఏ మాట, ఎవరి మాట అని
ఫారం అడగలేదు.

స్టాండులో నాన్న అడిగాడు:
"ఎంత కావాలట?"
"ముప్ఫై ఆరు."
"ఎంతుంది?"
"ముప్ఫై నాలుగు."
అద్దంలోకి చూశాడు,
బండిలో జనాన్ని లెక్కపెట్టేటప్పటి చూపు.
"రెండు సీట్లు" అన్నాడు వెండాలో.
"రెండు సీట్ల కోసం మనం ఎంతసేపైనా ఆగుతాం కదా."

అద్దం దించాడు.
ఎదురొచ్చే ముఖాన్ని బట్టి పేరు మారుస్తూ
ఒకే ఊరిని పిలవడం మొదలుపెట్టాడు:
ప్రిటోరియా, పిటోలి, పిటోరీ.