వెనక బండి ఖాళీ

ఆఖరి ట్రిప్పు దిగి, మద్దిలపాలెం డిపోలో
లెక్క అప్పజెప్పి, రెండు రూపాయలు తక్కువొస్తే చేతివి వేసి,
చెప్పులు విప్పి రెస్టురూము బల్లమీద కాళ్ళు చాపుకుంటే
అప్పటికి పదకొండు.
అప్పుడు నాకు పేక.

నలుగురాడే తురుపాట, ఫోన్లో.
డబ్బుల్లేవు, ఉత్తుత్తి నాణాలు.
ఎదురు కుర్చీలో ఎప్పుడూ పుణ్యవతి, సింహాచలం డిపో,
పెళ్ళికి ముందునించీ నా జోడీ.
ఎదురుగా కూచుని ఆడిన రోజుల్లో తను దగ్గిందంటే
చేతిలో ఆఠీను రాణి ఉన్నట్టు.
ఫోన్లో దగ్గు వినపడదు గాని
ముక్క వెయ్యడానికి పట్టే ఆలస్యం వినపడుతుంది.

ఇవాళ తలుపు నొక్కితే
"గది నిండింది."
అంతే. చక్కటి తెలుగులో, చివర చుక్క పెట్టి మరీ.
"దయచేసి మరో గది ప్రయత్నించండి."

నిండటమంటే ఏటో నాకు చెప్తాదా ఇది?
పద్దెనిమిదేళ్ళుగా నాలుగొందల నంబరు బండిలో
భుజం ముందు పెట్టి, సంచీ వెనక్కి తోసి
మనుషుల్లో ఈదుతున్నదాన్ని.
గాజువాకలో రొయ్యల తట్ట ఎక్కితే నీళ్ళు కారతాయని గొడవ,
షీలానగర్లో వెల్డింగ్ కుర్రాళ్ళు,
ఎన్‌ఏడీ కాడ మొత్తం ఊరు.
"జరగండి బాబూ, లోపలికి జరగండి,
మధ్యలో బోల్డంత జాగా ఉంది!"
ఆ జాగాని నేనెప్పుడూ చూళ్ళేదు.
అయినా అంటాను. అన్నాక పుడుతుంది.

ఈ ఆటకి జరుగు అన్న బటనే లేదు.
కిటికీలోంచి రుమాలు పారేసి సీటాపుకుందామంటే
కిటికీ లేదు.
ఒంటికాలి మీదైనా వేలాడ్డానికి ఫుట్‌బోర్డు లేదు.
నొక్కాను. మళ్ళీ నొక్కాను. బయటికొచ్చి లోపలికెళ్ళి,
డేటా ఆపి, పెట్టి,
చూసేవాళ్ళకి ఒక మూల ఉంటే అక్కడ కూచున్నాను కాసేపు.
నా కుర్చీలో "వైజాగ్ టైగర్ 07".
తురుపు రాజుని తీసుకెళ్ళి
కళావరు రెండు మీద కొట్టాడు, వెధవ.
పుణ్యవతికి ఫోన్ చేస్తే
"ఒకాట అయ్యాక రాయే, లేపితే మర్యాదుండదు" అంది.
వెనకాల వాళ్ళాయన గురక.

దయచేసి మరో గది ప్రయత్నించండి.

మూడోసారి చదివినప్పుడు
ఆ గొంతు ఎవరిదో పోల్చుకున్నాను.

పొద్దున్న ఎనిమిదింబావు, కాకానినగర్.
పరీక్ష అట్ట, క్లిప్పు కింద హాల్‌టికెట్టు.
గుంట మెట్టుమీద ఒక పాదం పెట్టింది.
"వెనక బండి ఖాళీగా వస్తంది తల్లీ" అన్నాను,
రెండుసార్లు బెల్లు కొట్టాను.
వెనక బండి గాజువాకలో టైరు పేలి నిలబడిపోయిందని
నాకు ఫోనొచ్చి అప్పటికే అయిదు నిమిషాలు.
మర్యాదగానే అన్నాను.
దయచేసి అన్న మాటొక్కటే తక్కువ.

సొంత గది తెరిచాను. ఏమీ కట్టక్కర్లేదు,
పేరు పెడితే చాలంది.
"ఖాళీ బండి" అని పెట్టాను.
మూడు కుర్చీలు, నేను.
"కంప్యూటర్ ఆటగాళ్ళతో నింపమంటారా?"
వద్దన్నాను.
పన్నెండున్నరకి ఎవరో "గెస్ట్ 5512" వచ్చి
నిమిషం కూచుని, ఏమీ అనకుండా
వెళ్ళిపోయారు. ఆడో మగో.
తెరమీద చేతులు మాత్రం
పేక కలుపుతూనే ఉన్నాయి, ఎవరికీ పంచకుండా.

తెల్లారి మొదటి ట్రిప్పు, కాకానినగర్.
దిగేవాళ్ళు లేరు, ఎక్కేవాళ్ళు లేరు.
నలభై నాలుగు సీట్లు, తడిగుడ్డ పెట్టి తుడిచినవి.
అసిరినాయుడు అద్దంలోంచి చూసి
"ఎవులూ లేరు కదేటి, రైటేనా?" అన్నాడు.
బెల్లు తాడు చేతిలోనే ఉంది.
పరీక్ష నిన్ననే అయిపోయిందని కూడా తెలుసు.
"ఉండు" అన్నాను.
"కాసేపుండు, నాయుడూ."