అర డిగ్రీ

బండి మాట వినడం లేదు.
వంద దాటిందంటే చాలు
కాసేపు తెల్లగీత మీదికి, కాసేపు ఎర్రమట్టి మీదికి.
నేను దిద్దుతాను. అది ఎక్కువగా దిద్దుకుంటుంది.
మళ్ళీ నేను.
మౌంట్ ఐసా నుంచి కామొవీల్ దాకా
ఇలా బతిమాలుకుంటూనే వెళ్ళొచ్చాను.
ఎదురుగా మూడు పెట్టెల రోడ్ ట్రైన్ దాటినప్పుడు
దాని గాలికి
నా గుండె వెనక సీట్లోకి జరిగి కూర్చుంది.

తొంభై మూడు నాటి ల్యాండ్ క్రూజర్.
నాకు అమ్మిన కుర్రాడు సరదాపడి
నాలుగంగుళాలు పైకి లేపించాడు.
ఎక్కాలంటే నాకు ముక్కాలిపీట కావాలి.

టైర్లలో గాలి తగ్గించి చూశాను, పెంచి చూశాను.
మూడొందల డాలర్లు పోసి కొత్త డ్యాంపర్ వేయించాను.
పక్కింటి నొరీన్ కంచె మీంచి చూసి నవ్వింది:
"దగ్గు మందు పట్టావు. జబ్బు ఊపిరితిత్తుల్లో ఉంది."

ముప్ఫై ఏళ్ళు గనిలో ఫిట్టరు ఆమె.
పోయిన మార్చిలో ఆమె కుడి తుంటికి ఎక్స్‌రే తీసింది నేనే.
ఆస్పత్రిలో నా పని అది.
ఇప్పుడు నా బండి కీళ్ళు ఆమె చూస్తానంది.

"నువ్వు పైన కూర్చుని స్టీరింగ్ ఊపు. కొంచెమే.
నేను కింద వింటాను."
కొత్త తుంటితో, అట్టముక్క మీద
వెల్లకిలా లోపలికి జారింది.

రేకుల షెడ్డు. మధ్యాహ్నం.
ఊపుతున్నాను, ఊపుతున్నాను.
ఎక్కడో టక్కుమంది.
"దొరికాడు ఒక దొంగ."
టై రాడ్ చివర బంతి గిన్నె కీలు.
ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకంలో
భుజం బొమ్మకి బాణం గుర్తు పెట్టి రాసిన పేరు.
గిన్నె అరిగిపోయింది. బంతి లోపల లొడలొడ.
మార్చాం.
పాన్‌హార్డ్ రాడ్ బుష్ చలికాలపు పెదవిలా పగిలింది, అదీ మార్చాం.
స్టీరింగ్ బాక్స్ మీది స్క్రూ పావు చుట్టు తిప్పింది.
ఇంకో పావు అన్నాను.
చేతి మీద ఒక్కటేసింది:
"బిగిస్తే అన్నీ బాగుపడతాయని ఎవరు చెప్పారు నీకు?"

బండికి కొంచెం బుద్ధొచ్చింది.
కొంచెమే.

తర్వాతి ఆదివారం కోణం కొలిచే పనిముట్టు తెచ్చి
ముందు ఇరుసుకి ఆనించింది.
చాలాసేపు మాట్లాడలేదు.
మూడు డిగ్రీలు ఉండాల్సిన చోట
అర.

"ఇక ఏదీ విరగలేదు, ఏదీ అరగలేదు.
పైకి లేపినప్పుడు చక్రం వెనక్కి వాలడం మానేసింది. అంతే."
సుద్దముక్కతో సిమెంటు నేల మీద సైకిలు గీసి
ముందు ఫోర్కు వాలు చూడమంది.

నాకు చూపించాలా?
తెనాలి కాలవ గట్టు మీద
మా అన్న సైకిలు, రెండు చేతులూ వదిలేసి
జామకాయ కొరుక్కుంటూ తొక్కినదాన్ని.
తిన్నగా నడుపుతున్నది నేనే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

రంధ్రం మధ్యలో కాక పక్కకి ఉండే బుష్షులు తెప్పించాం.
గుర్తు తప్పకూడదని గోళ్ళరంగుతో చుక్కలు పెట్టాను.
అయినా ఎడమవైపుది తలకిందులుగా దించాం.
గనిలో నేర్చుకున్న మాటలన్నీ నొరీన్ వరసగా వాడింది.
కోసి బయటికి లాగాం.
ఇంకోటి టౌన్స్‌విల్ నుంచి రావడానికి తొమ్మిది రోజులు.
డ్యూటీకి నడిచి వెళ్ళాను.

ఇవాళ సాయంత్రం, కామొవీల్ రోడ్డు.
అద్దంలో గని పొగగొట్టం చిన్నదవుతోంది.
మలుపు తిరిగాక చేతులు వదులు చేశాను.
అరచేతుల మధ్య జారుతూ
స్టీరింగ్ దానంతటదే మధ్యకొచ్చి ఆగింది.
నొరీన్ నావైపు చూడలేదు. బిస్కెట్ పొట్లం విప్పుతోంది.

"ఇంకా కాస్త ఎడమకి లాగుతోంది," అన్నాను.

"అది బండి కాదు, రోడ్డు.
వాననీళ్ళు జారాలని అటు వంచి వేశారు."

రెండు పక్కలా ఎర్రటి ఎండిన నేల.
ఎనిమిది నెలలుగా చుక్క లేదు.
"వానా? ఇక్కడా?"

"వస్తుంది," అంది,
బిస్కెట్ నాకొకటి ఇస్తూ.
ఒంటి చేత్తో అందుకున్నాను.